ఆ దిబ్బ మీద గీత గీసే ముందు

కొత్తపట్నం సముద్రతీరానికి అభివృద్ధి ప్రణాళిక గీస్తున్న అధికారులకు,

నమస్కారం.

ఈ మధ్య పింఛను పని మీద ఒక కార్యాలయానికి వెళ్లాను. ఏ కార్యాలయమో రాయను. అక్కడి గుమాస్తా నాకు కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు, అతని మీద నాకు కోపం లేదు. నన్ను కూర్చోబెట్టిన గదిలో గోడకు ఒక రంగుల నమూనా చిత్రం తగిలించి ఉంది. నీలం రంగు సముద్రం, పసుపు రంగు ఇసుక, గొడుగులు, వాహనాలు నిలిపే చోటు, తినుబండారాల దుకాణాల వరుస, సముద్రంలోకి చొచ్చుకుపోయే ఒక వేదిక, ఊరి పేరు నిలువెత్తు అక్షరాల్లో, పక్కన ఎర్రటి హృదయం గుర్తు. ఆ అక్షరాలు చెరిపేస్తే అది ఏ రాష్ట్రంలోని ఏ తీరమో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఊరికీ అలలకూ నడుమ ఉన్న ఇసుక దిబ్బను పెన్సిలుతో చుట్టి, అందులో ఎవరో మూడు ముక్కలు రాశారు: 'ఖాళీ స్థలం, చదును'.

నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్వేయరుగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం ఈ తీర గ్రామాల్లోనే. గొలుసు లాగాను, రాళ్లు పాతించాను, పాతించిన రాయిని మరుసటి ఏడు ఇసుక మింగేస్తే మళ్లీ తవ్వించాను. మా రికార్డుల్లో పోరంబోకు ఉంది, తోపు ఉంది, డొంక, వాగు, గుంట, శ్మశానం, ఇసుక దిబ్బ అన్నీ ఉన్నాయి. 'ఖాళీ' అనే పద్దు మాత్రం లేదు. ఆ మాట చూసిన రోజు నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదంటే మీరు నవ్వుకోవచ్చు. ఇంట్లో వాళ్లు ఇప్పటికే నవ్వారు.

దిబ్బ గురించి తరువాత చెబుతాను. ముందు ఒంగోలు నుంచి బయలుదేరదాం, సుమారు 18 కిలోమీటర్ల దారి. మీరు కారులో అద్దాలు ఎత్తి వస్తారు గనుక గమనించి ఉండరు. ఊరు దాటగానే నల్లరేగడి. కొంత దూరం పోయేసరికి నేల పల్లమవుతుంది, గడ్డి పలచబడుతుంది, చవుడు తేలి తెల్లగా కనిపిస్తుంది, గాలిలో ఉప్పు తగులుతుంది. తరువాత వంతెన, వంతెన కింద బకింగ్‌హాం కాలువ. కాలువ దాటగానే ఒక్కసారిగా నేల రంగు మారుతుంది. ఇసుక, తాటిచెట్లు, సరుగుడు తోటలు, జీడిమామిడి, వేరుశనగ. నల్లనేల మీద వానకోసం ఆకాశం చూసిన రైతు, ఉప్పుసముద్రం పక్కకు వచ్చేసరికి పచ్చటి మడులు చూస్తాడు. ఈ విడ్డూరానికి కారణం ఏమిటో నమూనా గీసినవారికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే 'చదును' అని రాసేవారు కారు.

ఈ తీరం ఒక్కనాటిది కాదు. సముద్రం వేల ఏళ్లుగా ఇసుకను తెచ్చి ఒడ్డున కట్టలు కట్టలుగా పోసింది. ఒక కట్ట, దాని వెనుక పల్లం, మళ్లీ ఒక కట్ట. పాత కట్టల మీద ఊళ్లు వెలిశాయి, పల్లాల్లో ఉప్పునేల మిగిలింది. ఇప్పుడు అలల ఎదురుగా ఉన్న దిబ్బ ఈ వరుసలో అందరికన్నా చిన్నవాడు. దాన్ని నిలబెట్టింది గాలి ఒక్కటే కాదు. మేకగిట్టలా ఆకు చీలి ఉండే ఊదాపూల తీగ, పిల్లలు రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్ల గడ్డి, ఈ రెండూ ఇసుకను పట్టి ఉంచుతాయి. ఆ గడ్డిని 'పిచ్చిమొక్కలు' అని ఒక్క రోజులో యంత్రంతో పీకించవచ్చు. ఆ తరువాత వచ్చే వేసవి గాలికి ఇసుక మీ దుకాణాల్లోకీ, ఊరివాళ్ల అన్నం కుండల్లోకీ నడిచి వస్తుంది.

ఇక నీళ్ల సంగతి. వాన కురిస్తే నల్లనేల మీద పారిపోతుంది, ఇసుక మీద ఇంకిపోతుంది. ఇంకిన తీపినీరు కింద ఉన్న ఉప్పునీటితో కలిసిపోదు. తేలిక గనుక దాని మీద తేలుతుంది, పాల మీద మీగడ లాగా. దీనికి గైబెన్-హెర్జ్‌బర్గ్ సూత్రం అని ఒక లెక్క ఉంది. సముద్రమట్టం కన్నా ఒక అడుగు పైకి తీపినీరు నిలిస్తే, దాని బరువుకు కింద సుమారు నలభై అడుగుల లోతు దాకా తీపినీరు ఉంటుంది. వినడానికి బాగుంది కదా. ఇదే లెక్కను తిరగేసి చదవండి. పైన ఒక్క అడుగు తగ్గిస్తే కింద నుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకి లేస్తుంది. ఎత్తయిన దిబ్బ ఈ నీటికి గొడుగూ గిన్నే రెండూను. దిబ్బను చదును చేయడం అంటే ఆ గిన్నెను బోర్లించడమే.

మా తీరపు రైతులు సూత్రం చదవలేదు, దొరువు తవ్వారు. దొరువు చూడని అధికారి ఎవరైనా ఉంటే వారికోసం చెబుతున్నాను. అది బావి కాదు, చెరువూ కాదు. ఇసుకలో వాలుగా తవ్విన గుంట, మెట్లు లేకుండానే మనిషి దిగిపోయేలా ఉంటుంది. నీరు కొద్ది అడుగుల్లోనే తగులుతుంది. రైతు రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని దిగుతాడు, ముంచుతాడు, ఎక్కుతాడు, మడుల మీద చిలకరిస్తాడు. మళ్లీ దిగుతాడు. ఇసుకలో మిరప నారుకూ కూరగాయలకూ వేరుశనగకూ ఇలాగే నీళ్లు పెట్టారు. తీసినంత నీరు మెల్లగా ఊరుతుంది. ఊరేదాకా ఆగాలి, అంతకు మించి తోడడానికి మనిషి రెక్కలకు శక్తి ఉండదు. ఆ శక్తి లేకపోవడమే దొరువును కాపాడిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఫిల్టర్ పాయింట్లు, అంటే ఇసుకలోకి దింపే తక్కువ లోతు గొట్టపు బావులు వచ్చి, వాటికి మోటార్లు బిగించాక ఆగడం అనేది పోయింది. కొన్ని చోట్ల నీరు ముందు చప్పబడింది, తరువాత ఉప్పు తేలింది. దొరువుకు ఏడాదికోసారి ఒడ్డు చెక్కి పూడిక తీయాలి. ఆ పని చేసే చేతులు తగ్గిపోయాయి. నా ఉద్యోగం చివరి ఏళ్లలో నేను కొలిచిన దొరువుల్లో చాలా వాటికి పటంలో గీత మిగిలింది, నేల మీద గుంట మిగలలేదు.

ఈ పాపంలో నా వాటా కూడా చెప్పాలి. 1990లలో రొయ్యల చెరువులు వచ్చిన రోజుల్లో కాలువకూ సముద్రానికీ నడుమ నేలలను కొలిచి హద్దులు చూపినవారిలో నేనూ ఉన్నాను. ఎకరం ధర రాత్రికి రాత్రి పెరిగిందని అందరం సంతోషించాం. చెరువు గట్టు పక్క పొలం రైతు వచ్చి, 'నా దొరువు ఉప్పెక్కింది, రాసుకోండి' అన్నాడు. అలాంటి ఫిర్యాదు రాసే గడి మా పుస్తకంలో లేదని చెప్పి పంపించాను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది, 2005లో తీర ఆక్వాకల్చర్ కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. తీర్పూ చట్టమూ వచ్చేనాటికి ఆ దొరువు పూడిపోయింది. అందుకే ఇప్పుడు మీ గోడ మీద పెన్సిలు గీత చూసి ఊరుకోలేకపోతున్నాను.

ఊరి చరిత్ర తెలియక పోయినా పని నడుస్తుందని మీరు అనవచ్చు. నడవదు. తెలియనందువల్లనే ఆ నమూనాలో వేదిక సముద్రంలోకి వెళ్లింది. ఎందుకో చెప్పడానికి ఊరి పేరుతో మొదలుపెట్టాలి.

పట్నం అంటే ఇవాళ మనకు నగరం. ఈ తీరంలో ఆ మాటకు పాత అర్థం రేవు ఉన్న ఊరు. ఉత్తరం నుంచి కిందికి రండి. మచిలీపట్నం, నిజాంపట్నం, కొత్తపట్నం, రామాయపట్నం, కృష్ణపట్నం, దుగరాజపట్నం, ఆ తరువాత చెన్నపట్నం. తీరం పొడవునా పూసలు గుచ్చినట్టు ఉన్నాయి. వీటిలో కొన్ని గొప్పగా బతికి చితికినవి. దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీవారు 1626 ప్రాంతంలోనే స్థావరం పెట్టుకున్నారు. తమకు సాయపడిన ఆర్ముగం ముదలియారు పేరు మీద దాన్ని ఆర్మగాం అన్నారు. అక్కడి నుంచే ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి 1639లో చెన్నపట్నం స్థలం సంపాదించాడు. నెల్లూరు తీరంలో సరుకు సరిగా దొరికి ఉంటే మద్రాసు పుట్టేది కాదేమో అని మా సర్వే మిత్రులం టీ తాగుతూ వాదించుకునేవాళ్లం. దానికి రుజువు లేదు, టీ మాత్రం బాగుండేది.

ఇంకా వెనక్కి వెళ్తే మనకు ఉత్తరాన మోటుపల్లి. 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోదే, ఇప్పుడు బాపట్లకు పోయింది. అక్కడ 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు రాజులు, తుపానుకు కొట్టుకువచ్చి ఒడ్డున పడిన ఓడల సరుకును దోచుకునేవారు. ఇకమీదట అలా జరగదు, న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోము అని ఆయన దేశదేశాల వర్తకులకు రాతి మీద మాట ఇచ్చాడు. పదమూడో శతాబ్దం చివర మార్కోపోలో రాసిన ముత్ఫిలి ఈ మోటుపల్లే అని చరిత్రకారులు చెబుతారు. ఒక రాజు తన తీరం గురించి ఏం రాయించాడో చూడండి. మనం ఎర్రటి హృదయం గుర్తు పెట్టబోతున్నాం.

ఇన్ని పట్నాలు ఉన్నా వీటిలో చాలా వాటికి సహజమైన నౌకాశ్రయం లేదు. మన తీరం గొలుసు లాగినంత తిన్నగా ఉంటుంది, ఓడ తలదాచుకోవడానికి ఒక వంపు దొరకదు. అందుకని ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకును పడవల మీద అలలు దాటించి ఒడ్డుకు చేర్చేవారు. ఆ పడవల పనితనం నాకు ఎంతో ఇష్టం. పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు మేకులు బిగించిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ ఒదుగుతుంది. కొత్తపట్నం రేవు కూడా అలాంటి రేవే. 1899లో మద్రాసు-బెజవాడ రైలు మార్గం తెరుచుకుని ఒంగోలు స్టేషనులో సరుకు దిగడం మొదలయ్యాక ఈ చిన్న రేవులకు పని తగ్గింది. రేవు పోయింది, మత్స్యకారుల పల్లె కె.పల్లెపాలెం మిగిలింది. వేటకు వెళ్లేవారికి రైలుతో పని లేదు.

ఓడ తలదాచుకునే వంపు లేకపోవడానికి కారణం ఇసుక నడక. నైరుతి గాలుల నెలల్లో అలలు ఇసుకను ఒడ్డు వెంబడి ఉత్తరానికి మోస్తాయి. ఈశాన్య రుతుపవనం రాగానే కొంతకాలం దక్షిణానికి తెస్తాయి. ఏడాది మొత్తం కూడిక తీసివేతలు అయ్యాక ఉత్తరం వైపే మిగులు. ఈ నడకకు అడ్డంగా రాళ్లు పోస్తే ఏమవుతుందో మద్రాసు చూపించింది. 1870లలో హార్బరు గోడలు మొదలుపెట్టాక దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. మీ వేదికను స్తంభాల మీద నిలబెడితే నాకు పెద్దగా అభ్యంతరం లేదు, ఇసుక కింద నుంచి నడిచిపోతుంది. రాళ్లు పోసి కట్టదలిస్తే మాత్రం ముందు కె.పల్లెపాలెం వెళ్లి, ఉత్తరాన తెప్పలూ బోట్లూ ఎక్కడ లాగుతారో అడిగి రండి. అలివి వల ఒడ్డు నుంచి లాగే వల. ఒడ్డు లేకపోతే ఆ వల ఉండదు.

కాలువ గురించి ఇంకో మాట. మీ నమూనాలో అది సన్నటి బూడిదరంగు గీత, పక్కన 'మురుగు' అని ఉంది. అది మురుగు కాదండీ. 1806లో మద్రాసు దగ్గర మొదలై, ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెరిగి, పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసిన జలమార్గం. 1876-78 నాటి ధాత కరువులో తిండిలేని జనం చేత మద్రాసులో కొంత భాగం తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఉప్పు, బియ్యం, సరుగుడు కట్టెలు దీని మీదనే మద్రాసు వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవను లాగేవారు. మా ముందు తరం సర్వేయర్లు ఒంగోలు నుంచి పెట్టే బేడాతో పడవెక్కి వచ్చి, ఊరి సత్రంలో నెల రోజులు ఉండి కొలిచేవారట. 2004 డిసెంబరు 26న, ఆదివారం ఉదయం, సునామీ వచ్చినప్పుడు తీరం పొడవునా చాలా చోట్ల ఈ కాలువే లోపలికి వచ్చిన నీటిని మింగి పక్కలకు పంచేసింది. ఆ తరువాత నష్టాల కొలతలకు నన్నూ పంపారు. దిబ్బ నిండుగా ఉన్న చోట నీటి గుర్తు దిబ్బ నడుముదాకానే ఉంది. బండ్ల దారి కోసం దిబ్బను కోసిన చోట నీరు ఆ గండి గుండా తిన్నగా ఇళ్ల వైపు వచ్చింది. ఇది నేను చదివినది కాదు, టేపు పట్టి కొలిచినది.

రికార్డులు కావాలంటే ఎక్కడ వెతకాలో కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీ చేతికి వచ్చాక ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు దానిలోకి మారింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. అంటే కొత్తపట్నం ఉన్న చోటే ఉండి మూడు జిల్లాలు తిరిగింది. ఒక కాగితం కోసం నేను నెల్లూరు వెళ్లి, అక్కడి వారు గుంటూరు పొమ్మంటే గుంటూరు వెళ్లి, చివరకు ఒంగోలులో మా గది బీరువా వెనుకే దాన్ని పట్టుకున్నాను. శాసనాల కోసమైతే అంత తిరగనవసరం లేదు. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి 1905లో అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల్లో ఒంగోలు ప్రాంతం కూడా ఉంది.

ఇంత చెప్పి 1937 సంగతి చెప్పకపోతే ఊరివాళ్లు నన్ను క్షమించరు. ఆ వేసవిలో కాంగ్రెసు సోషలిస్టు యువకులు ఈ సముద్రం ఒడ్డున ఒక ఆర్థిక రాజకీయ పాఠశాల పెట్టారు. పాకలు, ఇసుక, ఉక్కపోత, అర్థశాస్త్రం పాఠాలు. మద్రాసులో అప్పుడు కూర్మా వెంకటరెడ్డి నాయుడి తాత్కాలిక మంత్రివర్గం ఉంది. పాఠశాలను నిషేధించారు. పిల్లలు కదలలేదు, పోలీసులు లాఠీలు ఎత్తారు. తరువాతి కాలంలో ఆంధ్రలో వామపక్ష ఉద్యమాలు నడిపిన ఎందరో కొత్తపట్నం పేరు తలుచుకున్నారు. అంతకు ఏడేళ్ల ముందు, 1930లో, ఇక్కడికి దూరం కాని దేవరంపాడులో ప్రకాశం పంతులు ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిపారు. ఈ తీరం మీద ఉప్పు కొటారులు ఉన్నాయి, ఉప్పు పన్ను ఉంది, కాబట్టి ఆ పోరాటం ఇక్కడికి రావడంలో ఆశ్చర్యం లేదు. నాకు రాజకీయాలు పట్టవు. కానీ అర్థశాస్త్రం చదువుకుంటామన్నందుకు దెబ్బలు తిన్న చోట ఒక రాయి అయినా లేకపోవడం సర్వేయరుగా నాకు బాధ. ఎందుకూ కొరగాని హద్దులకు వేల రాళ్లు పాతించినవాణ్ని.

చట్టం మాట. 2019 జనవరిలో వచ్చిన తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ మీ దగ్గర ఉండే ఉంటుంది. అందులో అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చిన తరగతిలో మడ అడవుల పక్కన, పగడపు దిబ్బల పక్కన, ఇసుక దిబ్బల పేరు కూడా ఉంది. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్ల పేరు ఉంది. ఏటా సుమారు జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన నెల్లూరు, ప్రకాశం తీరాల ఇసుకలోకి రాత్రిపూట ఎక్కి గుడ్లు పెట్టి వెళ్తాయి. పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఎటు ఉంటే అటు నడుస్తాయి. వాటి లెక్కలో వెలుతురు అంటే సముద్రం మీద మెరిసే ఆకాశం. మీ నమూనాలో తీరం పొడవునా ఉన్న దీపస్తంభాలు నేను లెక్కపెట్టాను, ఇరవై నాలుగు. పిల్లలు బయటికి వచ్చే రోజుల్లో వాటిని వెలిగిస్తే అవి తినుబండారాల దుకాణాలకు వస్తాయి.

తీరానికి జనం రాకూడదని నేను అనడం లేదు. రావాలి. కార్తీక పౌర్ణమికి ఈ చుట్టుపక్కల జనమంతా సముద్ర స్నానానికి వస్తారు, నా భార్య కూడా ఒక్క ఏడు తప్పలేదు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గదులు లేవు, మరుగుదొడ్లు లేవు, తాగే నీళ్లు లేవు. వీటికి మీరు డబ్బు ఖర్చు పెడితే చేతులెత్తి దండం పెడతాను. కానీ దిబ్బకు పడమట, ఊరికీ దిబ్బకూ నడుమ పాత బండ్ల దారి పక్కన గట్టినేల ఉంది. వాహనాలు అక్కడ నిలపండి. అక్కడి నుంచి దిబ్బ మీదుగా స్తంభాల మీద ఒక చెక్క దారి వేయండి. నడవలేని వృద్ధులు కూడా రాగలుగుతారు, గడ్డి కింద బతుకుతుంది. బోరు వేసి మోటారు బిగించకండి, నీళ్లు ఒంగోలు వైపు నుంచి గొట్టంలో తెచ్చుకోండి. ఖర్చు ఎక్కువ అవుతుంది, ఒప్పుకుంటాను. ఉప్పెక్కిన ఊరికి తరువాత నీళ్లు మోయడానికి అయ్యే ఖర్చు పక్కన రాసి చూడండి.

ఇంకొకటి, ఇది ప్రాణాల విషయం. కళాశాల పిల్లలు గుంపుగా వచ్చి, అలలు తక్కువగా ఉన్న చోటు చూసుకుని దిగుతారు. అలలు విరగని ఆ చోటే ప్రమాదం. ఒడ్డుకు కొద్ది దూరంలో నీటి కింద ఇసుక గట్లు ఉంటాయి. ఒడ్డుకు వచ్చిన నీరు గట్ల నడుమ సందు చూసుకుని సముద్రంలోకి తిరిగి పోతుంది. ఆ సందు పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, లోపల లాగేస్తుంది. తుపాను తరువాత ఆ సందులు చోటు మారతాయి. పల్లెపాలెం వాళ్లు ఒడ్డున నిలబడి చూసి చెప్పగలరు. వారిలో నలుగురికి జీతమిచ్చి, ఎర్రజెండాలు చేతికిచ్చి, ఏ రోజు ఎక్కడ దిగకూడదో పాతమని చెప్పండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, మరబోట్ల మీద బతికేవారికి అప్పుడు పని ఉండదు. జనం తీరానికి ఎక్కువగా వచ్చే వేసవి కూడా అదే. ఈ రెండు లెక్కలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టడానికి పెద్ద సలహా సంస్థ అక్కరలేదు.

నిలువెత్తు అక్షరాల బదులు ఒక బోర్డు పెట్టండి. దాని మీద ఏం రాయాలో నేనే రాసి ఇస్తున్నాను, మార్చుకోండి:

'కొత్తపట్నం. పట్నం అంటే రేవు. మీ వెనుక ఉన్న దిబ్బ కింద వాననీరు దాగి ఉంది, ఊరు తాగేది ఆ నీరే. గడ్డి తొక్కకండి, దారి మీద నడవండి. పడమటి కాలువ మీద ఒకప్పుడు మద్రాసుకు ఉప్పు వెళ్లింది. 1937లో ఈ ఇసుక మీద చదువుకోవడానికి వచ్చిన యువకులను లాఠీలతో చెదరగొట్టారు. ఎర్రజెండా ఉన్న చోట నీళ్లలో దిగకండి. పట్టుకుపోతే ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, తరువాత ఒడ్డు వైపు రండి.'

నిలబడిన చోటి నుంచే చదివేయవచ్చు. పక్కన ఫోటో తీసుకునేవారు ఎలాగూ తీసుకుంటారు.

మీలో ఎవరైనా గీత గీసే ముందు దిబ్బ ఎక్కి చూడదలిస్తే నేను వస్తాను. ఎండ ఎక్కకముందు, ఒంగోలు నుంచి మొదటి బస్సుకు. చెప్పులు వంతెన దాకానే పనికొస్తాయి, ఆ తరువాత చేత్తో పట్టుకోవాలి. నేను కొలిచినవాటిలో ఇంకా పూడిపోని దొరువు ఒకటి ఉంది. దాని రైతు మనవడు ఇప్పటికీ ఏటా పూడిక తీస్తున్నాడు. అక్కడికి కొద్ది దూరంలో, మానేసిన రొయ్యల చెరువు గట్టు పక్కన ఒక చేతిపంపు కూడా ఉంది. రెండు గ్లాసులు నేను తెస్తాను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక సర్వేయరు,
ఒంగోలు